లా విద్యార్థి రాసినదాన్ని దిద్ది తిరిగి ఇవ్వండి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

అయ్యా,

లాసెట్ కౌన్సెలింగ్ వచ్చిందంటే ఏ కళాశాలలో ఎన్ని సీట్లున్నాయి, ఫీజు ఎంత, ఏ ర్యాంకుకు ఎక్కడ సీటు వస్తుంది అనే వార్తలు పత్రికల్లో వివరంగా వస్తాయి. సీటు వచ్చాక మూడేళ్లో అయిదేళ్లో ఆ విద్యార్థికి తరగతి గదిలో ఏం అందుతోందన్నది మాత్రం పెద్దగా చర్చకు రాదు. గుంటూరు కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తూ, న్యాయవాదులుగా కొత్తగా ఎన్‌రోల్ అయిన పిల్లలను జూనియర్లుగా చేర్చుకుంటున్న న్యాయవాదిగా ఆ సంగతి మీ పాఠకుల ముందు, ముఖ్యంగా విశ్వవిద్యాలయ అధికారుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చే పిల్లల్లో తెలివితేటలకు గానీ కష్టపడే గుణానికి గానీ కొదవ లేదు. లోటు ఒక్కచోటే కనిపిస్తుంది. తాను రాసిన నోటీసునో, దావానో, ఒక చిన్న సమస్యకు జవాబునో ఎవరైనా కూర్చుని చదివి, ఇక్కడ పొరపాటు జరిగింది, దీన్ని ఇలా మార్చి రాయి అని చెప్పిన అనుభవం వారిలో చాలామందికి పట్టా చేతికొచ్చేదాకా ఉండదు. సెమిస్టర్ చివర మూడు గంటలు కూర్చుని రాసిన జవాబు పత్రం మూల్యాంకనానికి వెళుతుంది, అక్కడినుంచి ఒక అంకె తిరిగి వస్తుంది. తక్కువ మార్కులు వచ్చినవాడికి ఎక్కడ తగ్గాయో తెలియదు, ఎక్కువ వచ్చినవాడికి ఏది నచ్చిందో తెలియదు. రాత మీదే బతకవలసిన వృత్తికి ఇది ఎంతమాత్రం తగిన శిక్షణ కాదని నా గట్టి అభిప్రాయం.

చెక్కు బౌన్సు కేసునే తీసుకుందాం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ గురించి వ్యాసం రాయమంటే కొత్త జూనియర్ కూడా నాలుగు పేజీలు రాస్తాడు. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు మెమో ఏప్రిల్ 3న అందింది, నోటీసు 28న పంపాం, అది మే 2న అవతలివారికి చేరింది, డబ్బు రాలేదు, ఫిర్యాదు ఏ తేదీలోగా దాఖలు చేయాలి అని అడిగితే మాత్రం అదే జూనియర్ పెన్ను ఆగిపోతుంది. కొందరు నోటీసు పంపిన రోజు నుంచి లెక్కపెడతారు, కొందరు అందిన రోజును కూడా కలిపేస్తారు. మెమో అందిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక చెల్లింపునకు 15 రోజుల గడువుంటుంది, ఆ గడువు తీరిన మర్నాడు వ్యాజ్య కారణం, అంటే కోర్టుకు వెళ్లే హక్కు, ఏర్పడుతుంది, అక్కడినుంచి నెలలోగా ఫిర్యాదు వేయాలి. మే 2ను వదిలి లెక్కిస్తే గడువు 17తో తీరుతుంది, వ్యాజ్య కారణం 18న పుడుతుంది, ఆ రోజును కూడా మినహాయించాలని 1999లో సాకేత్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కనుక జూన్ 18 ఆఖరు తేదీ అవుతుంది. అది దాటితే ఆలస్యాన్ని మన్నించమని కారణాలు చూపుతూ వేరే అర్జీ పెట్టుకోవాలి, కోర్టు ఒప్పుకుంటుందన్న నమ్మకం ఉండదు. ఈ లెక్కను తరగతిలో ప్రతి విద్యార్థి చేతా కాగితం మీద వేయించి, తప్పు వేసినవారికి ఎక్కడ దారి తప్పారో చూపిస్తే అరగంట పడుతుంది. ఆ అరగంటలో సెక్షన్, గడువుల లెక్క, ఒక తీర్పు మూడూ వారి సొంతమవుతాయి. నోట్సు చెప్పి రాయిస్తే గంటకు గంటా గడిచిపోయి, పరీక్ష అయిన మర్నాడు ఏదీ గుర్తుండదు.

ఉపన్యాసం ఆపి విద్యార్థి చేత ఆలోచింపజేయడం కొత్త సంగతేమీ కాదు. 1870లో హార్వర్డ్ లా స్కూల్ డీన్‌గా వచ్చిన లాంగ్‌డెల్, అసలు తీర్పులనే చదివించి ప్రశ్నల ద్వారా న్యాయసూత్రాన్ని విద్యార్థుల నోటినుంచే రాబట్టే పద్ధతిని ప్రవేశపెట్టారు. మన దేశంలో 1988లో తరగతులు మొదలైన బెంగళూరు నేషనల్ లా స్కూల్ ద్వారా ఎన్.ఆర్. మాధవ మీనన్ గారు ఆ ఒరవడికి ప్రాచుర్యం తెచ్చారు. అయితే దాన్ని ఉన్నదున్నట్టు మన కళాశాలలకు తేవడం మంచిది కాదని నేననుకుంటాను. మాచర్ల నుంచో రేపల్లె నుంచో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన అమ్మాయిని మొదటి వారంలోనే అందరిముందు నిలబెట్టి తీర్పు సారాంశాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే, మర్నాటి నుంచి ఆమె వెనక బెంచీలో ఎవరికీ కనబడకుండా కూర్చోవడం నేర్చుకుంటుంది. ముందు రాయించాలి, రాసినదాన్ని దిద్దాలి, ఆ ధైర్యం వచ్చాక మాట్లాడించాలి.

తెలుగులో ఆలోచించడాన్ని లోపంగా చూడటం కూడా మానుకోవాలి. మా ఆఫీసుకు వచ్చే కక్షిదారు గట్టు జరిపారంటాడు, బండి దారికి అడ్డంగా కంచె వేశారంటాడు, పోయిన సంక్రాంతి నుంచీ ఇదే గొడవంటాడు. ఆ మాటల్లోంచి స్వాధీనం ఎవరిది, హద్దులేమిటి, విస్తీర్ణమెంత, వ్యాజ్య కారణం ఏ తేదీన ఏర్పడింది, కోరవలసిన ఉపశమనం శాశ్వత నిషేధ ఉత్తర్వా మరొకటా అన్నవి ఏరి, దావాగా ఇంగ్లీషులో పెట్టడమే న్యాయవాది మొదటి పని. రోజూ మేం చేసే ఈ పనిని తరగతి గదిలో చేయించగా నేను చూడలేదు. కక్షిదారు చెప్పినట్టుగా అరపేజీ తెలుగు కథనం ఇచ్చి, దావాలోని సంగతుల భాగాన్ని ఇంగ్లీషులో రాయించి దిద్దితే తెలుగు మాధ్యమం పిల్లలు వెనకబడరు, చాలాసార్లు ముందుంటారు. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు వారి ఆన్‌లైన్ తీర్పుల భాండాగారమైన ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, వాటిలో కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా వస్తున్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివించడానికి పైసా ఖర్చు లేదు.

2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. పాత శిక్షాస్మృతిలో హత్యకు 302, మోసానికి 420 అని అంకెలు కంఠస్థం చేసినవారికి భారతీయ న్యాయ సంహితలోని 103, 318 కొత్తగా కనిపిస్తాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కనుక ఇంకా చాలా ఏళ్లు రెండూ తెలిసుండాలి. నేరానికి కావలసిన అంశాలేమిటి, ఉన్న సంగతులకు అవి సరిపోతాయా అని విడదీసి చూడటం వచ్చినవారికి అంకె మారినా ఇబ్బంది లేదు. పట్టా వచ్చాక ప్రాక్టీసు అర్హత కోసం రాసే ఆలిండియా బార్ పరీక్షలో సైతం వ్యాఖ్యానాలు లేని బేర్ యాక్ట్, అంటే చట్టం మూలపాఠం మాత్రమే ఉన్న పుస్తకం, చూసుకోవడానికి అనుమతి ఉంది. సెక్షన్ నంబరు గుర్తుండటానికి అక్కడే విలువ లేనప్పుడు కళాశాలలో దానికి అంత పట్టు దేనికి?

ఇందుకు నియమాలు లేవని ఎవరూ అనలేరు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 లీగల్ ఎడ్యుకేషన్ నియమాల్లో డ్రాఫ్టింగ్ (దావాలు, దస్తావేజులు రాయడం), వృత్తి నైతికత, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, మూట్ కోర్టు (అభ్యాసానికి నడిపే నమూనా కోర్టు) తప్పనిసరి ప్రాక్టికల్ పేపర్లు. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, అయిదేళ్ల కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి, ప్రతి కళాశాలలో న్యాయ సహాయ కేంద్రం నడపాలి. ఆచరణలో డ్రాఫ్టింగ్ రికార్డు నిరుటి బ్యాచ్ వారిది చూసి ఎత్తి రాసుకోవడం, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్టు కోసం తెలిసిన వకీలు దగ్గరికి సంతకానికి వెళ్లడం మాకు తెలియనివి కావు. 2019లో హైకోర్టు అమరావతికి వచ్చింది, గుంటూరు నుంచైనా విజయవాడ నుంచైనా పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. 2022లో విజయవాడలో కొత్త కోర్టుల సముదాయం ప్రారంభమైంది. ఇంత దగ్గరలో ఇన్ని కోర్టులుండగా విద్యార్థి సంతకాల కోసమే అక్కడికి వెళ్లడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

విద్యార్థికి అండ సంగతి కూడా చెప్పాలి. మూడేళ్ల కోర్సులో చేరేవారిలో పగలు ఏదో ఒక పని చేసుకునేవారు తక్కువేమీ కాదు. హాజరు 70 శాతం ఉండాలన్న నియమం న్యాయమైనదే. కానీ మొదటి నెలలోనే తరగతికి రావడం తగ్గిన కుర్రవాణ్ని పిలిచి, ఏమైందయ్యా, ఇంట్లో ఇబ్బందా, పాఠం అర్థం కావడం లేదా అని అడిగే మనిషి ఉండాలి. ఆ పలకరింపు లేకుండా సెమిస్టర్ చివర హాజరు తగ్గినవారి జాబితా నోటీసు బోర్డు మీద అంటించడం క్రమశిక్షణ అనిపించుకోదు. పదిహేను, ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు బాధ్యుడిగా ఉండి, దిద్దిన కాగితాలు తిరిగి ఇచ్చేటప్పుడే వారి మంచిచెడ్డలు కనుక్కుంటే దీనికి వేరే వ్యవస్థ అక్కర్లేదు. మూడు వారాలుగా రాసి ఇవ్వని పిల్ల ఎవరో ఆ కట్టలోనే తెలిసిపోతుంది.

అధ్యాపకులే చాలినంతమంది లేరు, దిద్దేదెవరు అన్న ప్రశ్న వస్తుంది, అది సబబైన ప్రశ్నే. తరగతిలో ఒక సెక్షన్‌కు 60 మంది విద్యార్థులనుకుంటే, ఒక్కొక్కరి పేజీకి అయిదు నిమిషాల చొప్పున అయిదు గంటల పని. సబ్జెక్టుకు సెమిస్టర్‌లో మూడుసార్లు చేస్తే పదిహేను గంటలు. న్యాయవాదులు ప్రాక్టీసు మానకుండానే రోజుకు మూడు గంటలకు మించకుండా లా బోధించవచ్చని 1979 నుంచీ నియమం ఉంది. గుంటూరు, విజయవాడ, తెనాలి బార్లలో ఈ పనికి ముందుకు వచ్చే అనుభవజ్ఞులున్నారు, అయితే వారికి గౌరవప్రదమైన పారితోషికం ఇవ్వాలి. నాగార్జున విశ్వవిద్యాలయంలో లా చదివిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు భారత ప్రధాన న్యాయమూర్తి స్థానానికి చేరారు. ఇక్కడి పిల్లలకు అంత సామర్థ్యం లేదనే వారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

విశ్వవిద్యాలయానికి నా వినతి ఇది. ఇంటర్నల్ మార్కుల్లో కొంత భాగాన్ని దిద్దిన తరువాత విద్యార్థి తిరిగి రాసిన ప్రతికి కేటాయించాలి, మొదటి ప్రతిని, దిద్దుబాట్లను దానికి జతచేయడం తప్పనిసరి చేయాలి, అప్పుడు ఎత్తి రాసుకోవడం దానంతటదే తగ్గుతుంది. అన్ని పేపర్లకూ ఒకేసారి కుదరకపోతే డ్రాఫ్టింగ్ పేపరుతో వచ్చే సెమిస్టర్‌లోనే మొదలుపెట్టవచ్చు. దిద్దడానికి సమయమివ్వగల న్యాయవాదుల జాబితాను బార్ అసోసియేషన్లు ఈలోగా తయారుచేసి కళాశాలలకు పంపాలని తోటి న్యాయవాదులను కోరుతున్నాను. ఆ జాబితాలో నా పేరు కూడా రాసుకోవచ్చు.

భవదీయుడు,
ఒక న్యాయవాది,
బ్రాడీపేట, గుంటూరు