సరిహద్దు తెలుగు విద్యార్థుల ఎంఏ చదువుకు అండ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాల పిల్లలు డిగ్రీలో చరిత్రో, సమాజశాస్త్రమో, సాహిత్యమో చదివి ఎంఏలో చేరబోయేసరికి ఎదురవుతున్న ఒక చిక్కును మీ పత్రిక ద్వారా ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. ఇంజనీరింగుకో నర్సింగుకో వెళ్లేవారికి సలహా చెప్పేవారు మా ఊళ్లలో వీధికొకరు ఉన్నారు గాని, ఎంఏ ఎక్కడ చదవాలి, రెండేళ్ల ఖర్చు ఎవరు భరిస్తారు అని అడిగితే జవాబు చెప్పగలిగినవారు కళాశాలల్లో సైతం అరుదు.

పదో తరగతి తర్వాతి చదువులకిచ్చే పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనాన్ని విద్యార్థి ఏ రాష్ట్ర నివాసి అయితే ఆ రాష్ట్రమే ఇస్తుంది. కాబట్టి గజపతి జిల్లా పర్లాకిమిడి అమ్మాయి శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో చేరినా, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరినా ఒడిశాకే దరఖాస్తు పెట్టుకోవాలి. రెండు రాష్ట్రాల వెనుకబడిన తరగతుల జాబితాలు ఒకటి కావు గనుక, తరగతి గదిలో పక్కన కూర్చున్న బంధువుల పిల్లకు అందిన సాయం ఈమెకు అందకపోవచ్చు. సీట్ల సంగతి చూస్తే, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం విద్యార్థి స్థానికుడు, ఆ పక్కనే ఉన్న పర్లాకిమిడి విద్యార్థి స్థానికేతరుడు. ఇద్దరి ఇళ్లలో మాట్లాడే భాష ఒక్కటే.

బ్యాంకు రుణం తీసుకుందామంటే అక్కడా మానవీయ శాస్త్రాలది వెనుక వరుసే. ఏటా నాలుగున్నర లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు చదువు కాలమంతా వడ్డీని పూర్తిగా ప్రభుత్వమే భరించే కేంద్ర పథకం సాంకేతిక, వృత్తివిద్యా కోర్సులకే పరిమితం. 2024లో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి, ఎంపికచేసిన విద్యాసంస్థల్లో చేరితే, పది లక్షల వరకు రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ ఇస్తున్నది. అయితే అందులోనూ సాంకేతిక, వృత్తివిద్యలవారికే ప్రాధాన్యం. శాసనాలు చదవడం, గిరిజన భాషలను నమోదు చేయడం, పాత రికార్డులను వెలికి తీయడం దేశానికి అవసరమైన పనులే అయినప్పుడు, ఆ చదువుకూ వడ్డీ రాయితీలో సమాన ప్రాధాన్యం ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

ఉన్న దారులైనా సకాలంలో తెలియడం లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయం, కొరాపుట్‌లో 2009లో మొదలైన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి కేంద్రీయ సంస్థల్లో ఈ స్థానిక, స్థానికేతర భేదం లేదు; బోధనా రుసుమూ తక్కువ. అయితే చాలా కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశానికి రాయవలసిన సీయూఈటీ-పీజీ పరీక్షకు ఇటీవలి సంవత్సరాల్లో దరఖాస్తులు చలికాలంలోనే ముగిసి, పరీక్ష మార్చిలో జరుగుతున్నది. మా ప్రాంతపు విద్యార్థులు డిగ్రీ ఫలితాలు వచ్చాక విచారించడం మొదలుపెడతారు. అప్పటికి ఏడాది పోయినట్టే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) స్నాతకోత్తర చదువులకిచ్చే జాతీయ ఉపకార వేతనం నెలకు 15,000 రూపాయల చొప్పున ఏడాదికి పది నెలలు అందుతుంది. ఏటా పదివేల మందికి ఇస్తారు, మానవీయ శాస్త్రాలవారూ అర్హులే. అయితే రెగ్యులర్ కోర్సుల్లో చేరినవారికే అది వర్తిస్తుంది. ఖర్చుకు భయపడి దూరవిద్యలో చేరినవారు ఆ సాయాన్ని ముందే వదులుకుంటున్నారు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి. ఎంఏ ఎంచుకునేటప్పుడు ఫీజు ఒక్కటే చూడకండి. హాస్టలు, మెస్సు, పుస్తకాలు, పండుగకు ఇంటికి వచ్చిపోయే చార్జీలు కలిపి రెండేళ్ల లెక్క వేయండి. ఆడపిల్ల విషయంలో ముందుగా హాస్టలులో చోటు ఖాయం చేసుకోండి. ఆ శాఖలో ఎందరు ఆచార్యులు పనిచేస్తున్నారో, మీ పిల్లల ఆసక్తికి తగిన అంశంపై వారిలో ఎవరైనా పరిశోధన చేస్తున్నారో లేదో కనుక్కోండి. ఎంఏ తర్వాత జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) సాధించి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 రూపాయలు ఫెలోషిప్ వస్తుంది గనుక, ఆ పరీక్షకు తయారుచేసే శాఖను ఎంచుకోవడం డబ్బు విషయంలోనూ తెలివైన పని.

సరిహద్దు విద్యార్థికి సాయం చేయడం దయాధర్మం కాదని నా గట్టి నమ్మకం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో గిరిజనుల సవర భాష వింటూ పెరిగినవారికి ఈ ప్రాంత చరిత్ర మీద ఉండే పట్టు మరొకరికి అంత సులువుగా రాదు. శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగం ఆలయ శాసనాల్లో సంస్కృతమూ తెలుగూ ఉన్నాయి. అవి వేయించిన తూర్పు గంగ వంశమే తర్వాతి కాలంలో పూరీలో జగన్నాథాలయాన్నీ, కోణార్కలో సూర్యదేవాలయాన్నీ కట్టించింది. ఆ చరిత్రను రెండు భాషల ఆధారాలతో రాయగలవారు ఈ జిల్లాల నుంచి రావాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి గారు పరిసర గ్రామాల సవరల నుంచే వారి భాష నేర్చుకుని, దాని వ్యాకరణాన్ని 1931లో అచ్చుకు తెచ్చారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలవడంతో ఆయన రాజమండ్రికి తరలిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు తలచుకునే ప్రభుత్వాలు ఆయన పనిచేసిన గడ్డ మీది విద్యార్థులను కూడా తలచుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన విశ్వవిద్యాలయాల్లో తెలుగు, చరిత్ర, భాషాశాస్త్ర శాఖల్లో ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థులకు కొన్ని అదనపు సీట్లు సృష్టించి, హాస్టలు ఖర్చుకు సరిపడే ఉపకార వేతనం ఏర్పాటు చేయాలి. ఒడిశా ప్రభుత్వం పొరుగు రాష్ట్రంలో చదివే తన విద్యార్థుల ఉపకార వేతనాన్ని చదువు సగంలో ఉండగానే, మెస్సు బాకీ పేరుకోకముందే విడుదల చేయాలి. ఈ జిల్లాల్లోని డిగ్రీ కళాశాలలు చివరి సంవత్సరం విద్యార్థులకు ప్రవేశ పరీక్షల గడువులను, ఉపకార వేతనాల వివరాలను తెలుగులోనూ ఒడియాలోనూ నవంబరు నెలలోనే నోటీసు బోర్డులో పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా