పెళ్ళికి ముందే చేయించు

డబ్లిన్

అక్కా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను, బావ పంపిన మీ అమ్మాయి చిన్ని సీటీ స్కాన్ రిపోర్టూ చూశాను. ఫోన్లో చెప్తే సగం వింటావు, సగం ఏడుస్తావు. అందుకే రాస్తున్నాను.

పెరంబూర్ స్టేషన్ మెట్లెక్కితే చిన్నికి ఆయాసం, పెదాలు నీలంగా అవడం ఆస్తమా వల్ల కాదు. ఊపిరితిత్తుల్లో ధమనికీ సిరకీ మధ్య వెంట్రుకల్లాంటి సన్నని నాళాలుంటాయి. రక్తం ఆక్సిజన్ అందుకునేది అక్కడే. చిన్ని కుడి ఊపిరితిత్తి కింది భాగంలో ఒకచోట అవి లేవు, ధమని తిన్నగా సిరలో కలిసిపోయింది. ఆయాసం ఒక్కటే అయితే ఇంత ఒత్తిడి చేసేవాణ్ణి కాదు. ఆ సన్న నాళాలే మనకి జల్లెడ. చిన్నచిన్న రక్తపు గడ్డలూ క్రిములూ అక్కడే ఆగాలి. జల్లెడ లేనిచోట అవి దాటిపోయి మెదడుకి చేరితే పక్షవాతమో, చీముగడ్డో. రిపోర్టులో దానికి వెళ్ళే ధమని 4 మి.మీ. అని ఉంది. 2, 3 మి.మీ. ఉంటేనే మూసేయమంటారు.

"పెళ్ళయ్యాక చూద్దాం" అంటున్న అమ్మ మాట మాత్రం వినకు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది, ఆ పల్చటి నాళం చిట్లే ప్రమాదం అప్పుడే ఎక్కువ. పెళ్ళివారికి చెప్పాలా అంటే, నేనైతే చెప్తాను.

ఛాతీ కోస్తారా అని అడిగావు. కొయ్యరు. ఒకప్పుడు ఊపిరితిత్తిలో ముక్క తీసేసేవారు. 1977లో బెర్లిన్ డాక్టరు పోర్స్ట్‌మన్ గొట్టంతో మూసే పద్ధతి చూపించాడు, ఇప్పుడు దాదాపు అందరికీ అదే. గజ్జల్లో సిరకి సూది గుచ్చి, సన్నటి గొట్టాన్ని గుండె మీదుగా పంపి, ఆ ధమనిలో ప్లాటినం తీగచుట్ట (కాయిల్) గానీ, చిన్న ప్లగ్ గానీ పెడతారు. పెద్దవాళ్ళకి చాలావరకు మెలకువగా ఉండగానే. నేను పనిచేసే క్యాథ్ ల్యాబ్‌లో (ఇలా గొట్టాలు పంపి చికిత్స చేసే గది) చూస్తుంటాను: డై వేయగానే ఎక్స్‌రే తెర మీద ఆ నాళం సంచిలా నల్లగా నిండి, రెప్పపాటులో డై సిరలోకి జారిపోతుంది. ప్లగ్ పెట్టి కాసేపాగి మళ్ళీ వేస్తే ఇక దాటదు. వేలి క్లిప్పులో ఆక్సిజన్ అంకె పెరుగుతుంటే మాకూ హాయిగా ఉంటుంది.

గాలిబుడగా అలాగే దాటి మెదడుకి పోవచ్చు, అందుకే ఇలాంటి పేషెంటుకి సెలైన్ ట్యూబులో ఒక్కటి కూడా ఉండకూడదని గోటితో తట్టి తట్టి చూస్తాం. అక్కడి నర్సుకీ గుర్తుచెయ్యి, ఫిల్టర్ పెట్టమను. మామూలుగా మర్నాటికల్లా ఇంటికి పంపేస్తారు. తర్వాత కొన్నాళ్ళు గాలి పీలిస్తే పక్కలో పోటు రావచ్చు, కంగారుపడకు. మూసినది మళ్ళీ తెరుచుకోవచ్చు, కాబట్టి ఏడాదిలోపు సీటీ ఒకటి, ఆ తర్వాత కొన్నేళ్ళకోసారి. పన్ను పీకించినా, క్లీనింగ్ చేయించినా ముందు యాంటీబయాటిక్ వేసుకోవాల్సిందే. అది జీవితాంతం.

ఇక నీ ముక్కు సంగతి. నాయనమ్మకీ, నాన్నకీ, నీకూ ముక్కులోంచి రక్తం. వేడి చేసిందని నన్నారి షర్బత్ తాగించేవాళ్ళు. నీ పెదవి మీద ఎర్రచుక్కలూ, ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పెరగని హిమోగ్లోబినూ చూస్తే నాకు అది వేడి అనిపించడం లేదు. ఊపిరితిత్తుల్లో ఇలా ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి హెచ్‌హెచ్‌టీ అనే, రక్తనాళాలు సరిగా ఏర్పడని వంశపారంపర్య జబ్బు ఉంటుంది. ముక్కులోంచి రక్తం, ఎర్రచుక్కలూ దాని గుర్తులే. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. సెలైన్‌లో చిలికిన బుడగలతో (ఇవి అతి సన్నటివి, ట్యూబులో గాలిబుడగల్లాంటివి కావు) గుండె ఎకో తీస్తే ఊపిరితిత్తుల సంగతి తెలిసిపోతుంది. నేను చేయించుకున్నాను, ఏమీ లేదు.

చిన్నికి డేట్ ఇచ్చిన రోజే నీ ఎకో కూడా రాయించమని బావకి చెప్పేశాను. నువ్వు తప్పించుకోలేవు. డేట్ తెలియగానే మెసేజ్ పెట్టు, లీవు అడగాలి.

నీ తమ్ముడు
శీను