చిట్టికి, నీ రాజ్యంలో పంపకాల గురించి

చిరంజీవి చిట్టికి, నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల నాలుగు అధ్యాయాలూ చదివాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఫోన్లో అక్షరాలు కళ్లకు ఆనడం లేదంటే అన్నయ్యే ప్రింట్ తీయించి ఇచ్చాడు. నువ్వు ఫోన్ ఎత్తి నెలన్నర దాటింది. రాసుకునే పనిలో ఉన్నావు, కదిలించొద్దని మీ అమ్మ అంటోంది. సరే, కదిలించను. కానీ ఆ అధ్యాయాలు పంపేటప్పుడు "ఆస్తుల సంగతి నీకు తెలిసినంత నాకు తెలీదు నాన్నా, నా రాజ్యంలో తప్పులుంటే చెప్పు" అని రాశావు కదా. ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ని అలా అడిగితే ఊరుకుంటానా? ఈ ఉత్తరం అందుకే.

ముందు డ్రాగన్ బంగారం. మూడో అధ్యాయంలో ఆ అమ్మాయి గుహలోని బంగారమంతా బండ్లకెత్తించి ఊరూరా పంచేస్తుంది. అందరి పేదరికమూ తీరిపోతుంది. తీరదమ్మా. ఊళ్లోకి బంగారం వచ్చింది కానీ ధాన్యం ఒక్క గింజ కూడా ఎక్కువ రాలేదు. మాలీ చక్రవర్తి మన్సా మూసా 1324లో మక్కా యాత్రకు వెళ్తూ కైరోలో ఆగాడు. దానాలకీ కొనుగోళ్లకీ అక్కడ ఎంత బంగారం గుమ్మరించాడంటే బంగారం విలువే పడిపోయింది. పన్నెండేళ్లయినా అది కోలుకోలేదని ఆ కాలపు అరబ్ చరిత్రకారుడు అల్ ఉమరీ రాశాడు. నీ కథలో కూడా ఐదో అధ్యాయానికల్లా ధరలు పెరగాలి. గాదెలు నింపుకుని కూర్చున్నవాడు పెద్దమనిషి అయిపోవాలి. బంగారం పంచిన పిల్లనే జనం తిట్టుకోవాలి. అప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుందో చదవాలని నాకు ఉంది.

నీ నదివంశాల వాళ్లు డబ్బుగా వాడే పెద్ద పెద్ద రాళ్లు బాగున్నాయి. కాకపోతే చేతులు మారినప్పుడల్లా వాటిని ఎద్దులతో లాగించక్కర్లేదు. పసిఫిక్‌లో యాప్ అనే దీవి ఉంది. అక్కడి రాతి డబ్బులో కొన్ని మనిషి కంటే ఎత్తు ఉంటాయి. రాయి ఉన్నచోటే ఉంటుంది, ఇప్పుడది ఎవరిదో ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. తెచ్చేటప్పుడు ఒక రాయి సముద్రంలో మునిగిపోతే, అది ఫలానా కుటుంబానిదేనని అందరూ ఒప్పుకున్నారట. ఆ తర్వాత దాన్ని చూసినవాళ్లే లేరు, ఆ కుటుంబం కలిగినవాళ్లుగానే చెలామణి అయింది. ఆస్తి అంటే చాలామట్టుకు అంతే. నలుగురు ఒప్పుకోవడం. మరి నీ రాజ్యంలో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మంత్రగాళ్లు పదకొండు మంది ఉన్నారు, లెక్కపెట్టాను. లేఖరి ఒక్కడూ లేడు. ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం 1086లో, అంటే గెలిచిన ఇరవై ఏళ్లకు, ఏ భూమి ఎవరి చేతిలో ఉందో దేశంలో చాలా భాగం రాయించాడు. రాజ్యాలు కత్తితో వచ్చినా కాగితంతోనే నిలబడతాయి. ఒక లేఖరిని పెట్టు తల్లీ. వాడికి మంచి దస్తూరీ ఇవ్వు.

ఇల్లు చివరి బిడ్డకే వస్తుందన్న నియమం నాకు అన్నిటికంటే నచ్చింది. మేఘాలయలో ఖాసీలకు ఇలాంటిదే ఉంది. ఆఖరి కూతురికే ఇల్లు. కానీ ఆ అమ్మాయి ఇష్టమొచ్చినట్టు అమ్ముకోవడానికి కాదు. అమ్మానాన్నలను చూసుకోవాలి, ఎవరికి కష్టమొచ్చినా ఆ ఇంటి తలుపు తెరిచి ఉండాలి. ఇంగ్లండ్‌లో దీనికి పూర్తిగా ఎదురు. వీలునామా లేకపోతే భూమంతా పెద్దకొడుక్కే. 1925లో చట్టం మార్చేదాకా అదే పద్ధతి. నీ కథలో కూడా చివరి బిడ్డకు ఇల్లు రావడం ఒక్కటే చూపించావు, దాంతో వచ్చే బరువు చూపించలేదు. అది చూపిస్తే నాలుగో అధ్యాయంలో ఆ అమ్మాయి ఉంగరం తీసి నదిలోకి విసిరేసి "నాకేం వద్దు, అన్నీ మీరే తీసుకోండి" అన్నప్పుడు ఏం వదులుకుందో చదివేవాళ్లకు తెలుస్తుంది.

ఆ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. బాగా రాశావు, కాదనను. మొన్న చిన్నత్త ఫోన్ చేసి ఏదో అంది. నువ్వు వదినతో "నాకు వాటా గీటా వద్దు, కాగితం పంపిస్తే సంతకం పెట్టేస్తా" అన్నావట. నిజమో కాదో నేను అడగడం లేదు. చిన్నత్తకు ఒకటి వింటే రెండు చెప్పే అలవాటు ఉంది. అది పక్కన పెడదాం.

వెయ్యేళ్లు బతికే కొండజాతి గురించి ఆలోచించావా? తండ్రి చావకపోతే కొడుకు ఎదురుచూస్తూనే ఉంటాడు. ఏడు వందల ఏళ్లవాడు కూడా ఇంకా తండ్రి చేతి కిందే. ఇంకో వెయ్యేళ్లకు రాజ్యంలో నేలంతా వాళ్లదే అవుతుంది. ఎందుకంటే వాళ్ల దగ్గరికి వెళ్లిన భూమి మళ్లీ బయటికి రాదు. ఇంగ్లండ్‌లో చర్చితో ఇదే చిక్కు వచ్చింది. చర్చికి చావు లేదు, వారసులు లేరు, పంపకాలు లేవు. అందుకే మొదటి ఎడ్వర్డ్ 1279లో, అనుమతి లేకుండా చర్చికి భూములు ఇవ్వకూడదని చట్టం చేశాడు. నీ రాజుకు కూడా ఆ బుర్ర ఉండాలి.

దీంట్లోనే అసలైన ప్రశ్న ఇంకోటి ఉంది. బిడ్డకు హక్కు ఎప్పుడు పుడుతుంది? విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే పాత ధర్మశాస్త్ర గ్రంథం ప్రకారం పూర్వీకుల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. బెంగాల్లో జీమూతవాహనుడి దాయభాగం ప్రకారం తండ్రి పోయాకే. ఈ రెండింటిలో ఏదో ఒకటి నువ్వు తేల్చుకోవాలి. ఎందుకంటే నాలుగో అధ్యాయంలో ఆ అమ్మాయి తండ్రి ఇంకా బతికే ఉన్నాడు. హక్కు తండ్రి పోయాకే వచ్చేదైతే, ఆ పిల్ల తనది కానిదాన్ని విసిరేసింది. పుట్టుకతోనే వచ్చేదైతే, ఆ ఉంగరం వేలికి తొడిగిన మనిషి పక్క గదిలోనే ఉన్నాడు. ఆయనతో ఒక్క మాట చెప్పలేదేం?

మీ పెద్దత్త సంగతి నీకు ఎప్పుడూ సగమే చెప్పాం. తాతయ్య పోయిన ఏడాది పంపకాల మాట వచ్చినప్పుడు, ఎవరూ అడక్కముందే పెద్దత్త "నాకెందుకురా, నాకు మీరుంటే చాలు" అంది. పెదనాన్న మొహం వెలిగిపోయింది. నాదీ అంతే. హక్కు విడుదల దస్తావేజు రాసింది నేనే. అప్పటికి నేను పనిలో చేరి రెండేళ్లు. అక్క కాగితం కదా అని కొత్త పాళీ పెట్టుకుని మరీ రాశాను. "నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా" అన్న వాక్యం అప్పటికే ఎందరికో రాశాను. ఆ రోజు కూడా చెయ్యి ఎక్కడా ఆగలేదు. పెద్దత్త సంతకం పెట్టింది. తర్వాత వేలిముద్ర. ఎడమ బొటనవేలికి సిరా పూసింది కూడా నేనే. తుడుచుకోవడానికి గుడ్డ కనపడక చీర చెంగుకే తుడుచుకుంది. ఆకుపచ్చ చీర. ఆ మరక పోలేదు. ఆ చీర తను చాలా ఏళ్లు కట్టింది.

తర్వాత ఏమీ జరగలేదు. నీకు చెప్పాలనుకున్నది అదే. ఎవరూ గొడవపడలేదు, ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ పెద్దత్త ఆ ఇంటికి వచ్చే తీరు మారిపోయింది. అంతకుముందు చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ తర్వాత వరండాలో కుర్చీ చివర కూర్చునేది, సంచీ ఒళ్లో పెట్టుకుని. పెద్దమ్మ వచ్చి లోపలికి రమ్మనేదాకా లేచేది కాదు. ఒకరోజు ఎండన పడి వచ్చి, నన్ను చూసి "కాసిని మంచినీళ్లు ఇప్పిస్తావా" అంది. తను పుట్టిన ఇల్లు అది. మావయ్య పోయాక వచ్చి ఇక్కడే ఉండిపొమ్మని పెదనాన్న పిలిచాడు. పైపైన కాదు, మనసారా పిలిచాడు. "మీ ఇంట్లో నేనెందుకురా" అంది. చివరిదాకా రాలేదు.

చిన్నత్త ఆ రోజు సంతకం పెట్టనంది. దానికి మేమిద్దరం తనతో రెండేళ్లు మాట్లాడలేదు. ఇవాళ ఆ ఇంటి తలుపు తోసుకుని "ఏరా, ఎవరూ లేరా" అని కేకేస్తూ లోపలికి వచ్చేది చిన్నత్త ఒక్కతే.

అన్నయ్య చెడ్డవాడని నేననడం లేదు. వాడికి నువ్వంటే ప్రాణం. మేం కూడా చెడ్డవాళ్లం కాదు చిట్టీ, పెద్దత్త అంటే మాకూ ప్రాణమే. అందుకే చెబుతున్నాను. వదిన ఏమైనా అని ఉంటే, నువ్వు రోషంతో ఆ మాట అని ఉంటే, అది మాటగానే ఉండనీ, కాగితం మీదికి రానీయకు. ఏ కాగితమైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువు. ఖాళీ వదిలిన చోట సంతకం పెట్టకు. ఫోన్లో వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకు. నీకు నిజంగా అన్నయ్యకు ఇవ్వాలని ఉంటే ఇవ్వు, నేను అడ్డుపడను. కానీ ముందు నీ వాటా నీ పేరు మీద పెట్టుకో, నాలుగేళ్లు ఆగు, అప్పుడూ ఇవ్వాలనిపిస్తే నేనే రాసిపెడతాను. నేను లేకపోతే ఇంకెవరి చేతనైనా రాయించుకో. నీకు పాఠం చెప్పకూడదనుకుని మొదలుపెట్టాను, చెప్పేశాను. ఏమీ అనుకోకు.

రాత్రి ఒంటిగంటకు నవల పేజీలు పంపుతున్నావు. ఆ వేళదాకా మేలుకుంటే కళ్లు ఏం కావాలి? కళ్లజోడు నంబర్ మారిందేమో చూపించుకో. వేళకు తిను. అక్కడ వానలు మొదలై ఉంటాయి, గొడుగు ఉందా? లేకపోతే ఇవాళే కొనుక్కో, రేపు అనుకుంటే మర్చిపోతావు. ఐదో అధ్యాయం అయిపోతే పంపు. అవకపోయినా ఫోన్ చెయ్యి. మీ అమ్మ పైకి అనదు కానీ ఫోన్ మోగితే ముందు తనే లేస్తోంది.

నీ గదిలో కిటికీ తలుపు వానకు ఉబ్బి పట్టేస్తుంటే చిత్రిక పట్టించాను. నీ బల్ల సొరుగు కూడా బాగుచేయిద్దామనుకున్నాను, కానీ తాళం వేసి ఉంది. పగలగొట్టనా అని వడ్రంగి అడిగితే వద్దన్నాను. వీధి తలుపు తాళంచెవీ, సొరుగుదీ ఒకే గుత్తికి ఉండాలి. అది నీ దగ్గరే ఉందా? చూసి చెప్పు.

మీ నాన్న