అమ్మకి, మోచేతి గాయం గురించి

వూస్టర్, మసాచుసెట్స్
2025 ఆగస్టు 25

అమ్మా,

నిన్న వీడియో కాల్‌లో నా మోచేతి కట్టు చూసి కంగారుపడ్డావు. పక్కన నాన్న ఉన్నారని "ఏం లేదమ్మా, గీసుకుంది" అని మాట దాటేశాను. తర్వాత నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే నువ్వు పూర్తిగా చెప్పనివ్వవు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను. అక్షరాలు ఆనకపోతే తమ్ముణ్ణి పెద్దవి చేసి చూపించమను.

ఆఫీసు బాగానే ఉంది. పని ఎక్కువే, అలవాటైపోయింది.

శనివారం మా ఆఫీసు అమ్మాయి, వాళ్ళాయనతో కలిసి సటన్ అనే ఊరు వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళలేదు, ముందే చెబుతున్నా. అక్కడ అడవిలో పర్గటరీ కాజం అని ఉంది. కొండను నిలువునా చీల్చినట్టుంటుంది. పొడవు పావు మైలే. రెండు పక్కలా గ్రానైట్ గోడలు, కొన్నిచోట్ల 70 అడుగుల ఎత్తు. పైనుంచి చుట్టి వచ్చినా మొత్తం అర మైలు. బందరు రోడ్డు మీద అయితే పది నిమిషాల నడక. మాకు గంట దాటింది. కింద దారంటూ లేదమ్మా, అన్నీ ఒకదాని మీద ఒకటి పడిన పెద్ద పెద్ద బండలే. చేతులు ఆనించి ఎక్కడం, కూర్చుని జారడం, మళ్ళీ ఎక్కడం. మంగళగిరి మెట్ల మీద నువ్వు అనేదానివి కదా, "కాలు ఆనిందని నమ్మకం కుదిరాకే బరువు వెయ్యి" అని. ఆ మాటే అనుకుంటూ నడిచాను.

పైన ఎండ చుర్రుమంటున్నా లోపలికి దిగేసరికి ఒళ్ళు చల్లబడింది. హెమ్లాక్ చెట్ల వేళ్ళు బండల్ని పట్టుకుని ఉన్నాయి. ఉండవల్లి గుహల్లో చిన్నప్పుడు నేను చెంప ఆనించి నించున్న రాయి ఉందే, అదే చలవ. కాసేపు అలాగే నించున్నాను. ఇక్కడికి వచ్చాక అంత నెమ్మదిగా ఊపిరి తీసుకున్నది ఆ రోజే.

చెయ్యి సంగతికి వస్తే, ఒక చోట ఇరుకు సందులోంచి పక్కవాటుగా వెళ్ళాలి. దాన్ని ఫ్యాట్ మ్యాన్స్ మిజరీ అంటారు, లావుపాటివాళ్ళ అవస్థ అన్నమాట. అందులో మోచెయ్యి గోడకి రాసుకుని తోలు లేచింది. ఎముకకేం కాలేదు. కడిగి మందు రాశాం. టీటీ ఇంజెక్షన్ కూడా వేయించుకున్నాను. మంచు పేరుకునే చలికాలంలో ఆ చీలికలోకి ఎవరినీ వెళ్ళనివ్వరు. మేం వెళ్ళిన రోజు రాళ్ళన్నీ పొడిగా ఉన్నాయి. నేనేం సాహసాలు చెయ్యడం లేదు.

ఇంటికొచ్చాక ఆ చీలిక గురించి చదివాను. సుమారు 14,000 ఏళ్ళ క్రితం, మంచుయుగం చివర్లో, ఆగి ఉన్న మంచునీళ్ళు ఒక్కసారిగా తెగి పారడం వల్ల ఏర్పడిందని చెబుతారు. అది చదవగానే నాకు బుడమేరు గండ్లు గుర్తొచ్చాయి.

ఆ బుడమేరు వాగు మన విజయవాడని ముంచి వచ్చే సోమవారానికి ఏడాది. ఆ ఆదివారం పొద్దున నువ్వు "వీధిలోకి నీళ్ళొచ్చాయి" అన్నావు. ఆ తర్వాత రెండు రోజులు ఎవరి ఫోనూ కలవలేదు. సింగ్ నగర్‌లో డ్రోన్లతో ఆహారం పొట్లాలు దింపుతుంటే, ఆ వీడియోల్లో మన డాబా కనిపిస్తుందేమోనని ఆపి ఆపి చూశాను. నాన్న రావద్దన్నారని టికెట్ రద్దు చేసుకున్నాను. రావాల్సిందమ్మా. బురద కడగడానికైనా ఉండాల్సింది. నువ్వు "మేమేం అనుకోలేదు" అంటావు. అన్నప్పుడల్లా నాకు ఇంకా బాధేస్తుంది.

ఎల్లుండి చవితి. పత్రి దొరకదు, పెరట్లో గరిక మాత్రం ఉంది. ఉండ్రాళ్ళకి గ్లాసు రవ్వకి ఎన్ని నీళ్ళు పొయ్యాలో మెసేజ్ పెట్టు, పోయినేడు జావైపోయింది.

డిసెంబరులో తప్పకుండా వస్తాను, సెలవు అడిగేశాను.

వానలు ఇంకా పోలేదు కదా. కింద బీరువాలో ఇంటి కాగితాలు పైకి చేర్చమని నాన్నకి చెప్పు. అమ్మమ్మ మంచం దీపావళి దాకా పైగదిలోనే ఉంచండి. మెట్లెక్కలేనంటే తమ్ముణ్ణి ఎత్తుకెళ్ళమను.

నీ
చిన్ని