మొక్కలు తెచ్చిన రోజే నాటకు

ఒరేయ్ శీనూ,

కూకట్‌పల్లి ఇంట్లో ఆ రెండడుగుల అక్వేరియంలోంచి ప్లాస్టిక్ మొక్కలు పీకేసి, నిజం మొక్కలు పెడతానన్నావు చూడు, ప్రాణం లేచొచ్చిందిరా!

మొక్కలు తేగానే నాటెయ్యకు, ముందు ఆకులు తిరగేసి చూడు. అడుగున సగ్గుబియ్యపు జిగురులా అంటుకుని ఉంటే అవి నత్త గుడ్లు. గోటితో గీకేసి, నాలుగు లీటర్ల నీళ్ళలో ఒక టేబుల్‌స్పూను పటిక పొడి కలిపి, మొక్కల్ని రెండు మూడు గంటలు నానబెట్టి కడుగు. కుండీలో ఉన్నిలా ఉండే రాక్‌వూల్ మొత్తం తీసెయ్యి. వేళ్ళు అంగుళంన్నర ఉంచి కత్తిరిస్తే చాలు.

గులకరాళ్ళు 2-3 మిల్లీమీటర్లవి, రెండున్నర అంగుళాల మందాన పరువు. పాలరాతి ముక్కలు మాత్రం వద్దు. మన బోరు నీళ్ళలో సున్నం ముందే ఎక్కువ, ఆ ముక్కలు ఇంకా సున్నం వదుల్తాయి. అనుమానముంటే రాయి మీద వెనిగర్ చుక్క వెయ్యి, నురగొస్తే పక్కన పెట్టెయ్. నల్లా నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు బకెట్లో ఉంచు.

సగం నీళ్ళు పోసి నాటు. క్రిప్టోకోరైన్ (క్రిప్ట్ అంటారు), వాలిస్నేరియా లాంటి రాళ్ళలో నాటే మొక్కల వేళ్ళను పట్టకారుతో ఏటవాలుగా లోపలికి దించి, మళ్ళీ కాస్త పైకి లాగు. వేరూ ఆకూ కలిసే తెల్లటి మొదలు రాళ్ళ పైన కనబడాలి, పూడిపోయిందా కుళ్ళుతుంది. అనూబియస్, జావా ఫెర్న్‌ల లావుపాటి అడ్డకాడనైతే అసలు పూడ్చకూడదు. నూలుదారంతో రాయికో చెక్కకో కట్టు.

ఇప్పుడు అసలు సంగతి. వారం తిరిగేసరికి క్రిప్ట్ ఆకులు గాజులా పలచబడి జావైపోతాయి. నర్సరీలో గాలిలో పెరిగిన ఆకులు కదా, నీళ్ళలో నిలవలేవు. ఆ ఆకులు కత్తిరించు, మొక్కని మాత్రం పీకకు. వేరు బతికే ఉంటుంది, మూడు నాలుగు వారాల్లో కొత్త చిగురేస్తుంది. కంగారుపడి పీకి చూడబట్టే సగం మొక్కలు పోతాయి.

లైటు మొదట్లో రోజుకి ఆరు గంటలే. ఎక్కువైతే మొక్కల కంటే పాచి ముందు పెరుగుతుంది. మే నెలలో నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పు, ఆవిరైనంత మేర ఆర్‌ఓ నీళ్ళే పొయ్యి. బోరు నీళ్ళు పోస్తూ పోతే ఉప్పులు పేరుకుంటాయి. రాత్రిళ్ళు మొక్కలూ ఆక్సిజన్ పీలుస్తాయి, ఎయిర్ పంపు ఆపకు. గోల్డ్‌ఫిష్ ఉన్నాయా? ఉంటే లేత ఆకులు మిగలవు, అనూబియస్‌తో సరిపెట్టుకో.

అక్వేరియం ఎత్తెంతో, నువ్వు వాడేది బోరు నీళ్ళో నల్లా నీళ్ళో రాయి. ఏ మొక్క ఎక్కడ నాటాలో కాగితం మీద గీసి పంపిస్తా.

నీ
రాము