స్పిరులినా తొట్లలో వంటసోడా తగ్గించి గ్యాస్ పెడుతున్నాం

మా స్పిరులినా (నీళ్లలో పెంచే, తినదగిన నాచు) పొడి కొనే అందరికీ,

ఈ నెల నుంచి తొట్లకు కార్బన్ అందించే పద్ధతి మారుస్తున్నాం. ధర మాత్రం తగ్గదు.

ఎండిన స్పిరులినా బరువులో దాదాపు సగం కార్బనే. కిలో పొడికి సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఇన్నాళ్లూ వంటసోడాయే ఆధారం. నాచు దాన్ని వాడుకునే కొద్దీ మిగిలింది చాకలిసోడాగా మారుతుంది, పీహెచ్ (నీళ్ల క్షారగుణాన్ని చూపే అంకె) 10.5 దాటాక ఎదుగుదల మందగిస్తుంది. మళ్లీ వంటసోడా వేస్తే పీహెచ్ దిగుతుంది గానీ సోడియం పేరుకుంటుంది. చివరికి నీళ్లు పారబోయాల్సిందే, అవి ఏ పొలానికీ పనికిరావు.

కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వదిలితే ఆ చాకలిసోడాయే తిరిగి వంటసోడా అవుతుంది. అందుకే మొదట లీటరుకు 8 గ్రాముల వంటసోడా వేసి, ఆపైన సిలిండర్ మీదే నడుపుతాం. 100 చదరపు మీటర్ల తొట్టిలో రోజుకు 800 గ్రాముల పొడి వస్తే 1.4 కిలోల పైచిలుకు గ్యాస్ పడుతుంది. మూడో వంతు గాలిపాలైనా 30 కిలోల సిలిండర్ రెండు వారాలు వస్తుంది.

ఆ మూడో వంతే అసలు తలనొప్పి. 20 సెంటీమీటర్ల నీళ్లలో పెద్ద బుడగ కరిగేలోపే పైకొచ్చి పగిలిపోతుంది. అందుకని మీటరు లోతు గుంట కట్టి, అడుగున గ్యాస్‌ను చిన్న బుడగలుగా వదిలే సన్నరంధ్రాల డిఫ్యూజర్ పెట్టాం. నీళ్లు కిందికి దిగుతుంటే బుడగలు వాటికి ఎదురెక్కాలి. బోరు నీళ్ల సున్నం రంధ్రాలను పూడ్చేస్తుంది కాబట్టి డిఫ్యూజర్‌ను అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టాలి. (వాల్వ్ తెరిచి ఉండగా ఆ గుంటలోకి ఎవరూ దిగకూడదు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, అడుగునే నిలుస్తుంది, ఊపిరాడదు.)

పీహెచ్ 10.2 తాకితే వాల్వ్ తెరుచుకుంటుంది, 9.8కి మూసుకుంటుంది. వెలుతురు లేకపోతే నాచు కార్బన్ తీసుకోదు, అందుకే రాత్రిళ్లు టైమర్ గ్యాస్‌ను ఆపేస్తుంది. పీహెచ్ కొలిచే ప్రోబ్ తప్పు చూపిస్తే వాల్వ్ తెరిచే ఉండిపోయి, పీహెచ్ 9 కిందికి జారి, క్లోరెల్లా లాంటి వేరే నాచు దిగుతుంది. కాబట్టి వారం వారం పీహెచ్ 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) ప్రోబ్‌ను సరిచూస్తాం. గ్యాస్ ఎక్కువగా లాగితే రెగ్యులేటర్ మంచు పట్టి బిగుసుకుంటుంది, అందుకని హీటర్ ఉన్నదే తీసుకున్నాం.

సోడా ఖర్చు తగ్గినంతా గ్యాస్, రవాణా, ప్రోబ్‌లకు పోతోంది. వాడేది ఫుడ్ గ్రేడ్ గ్యాసే. అయితే లేబుల్ మీద 'పర్యావరణహితం' అని రాయం. సిలిండర్ గ్యాస్ ఎక్కువగా అమోనియా ప్లాంట్లు, డిస్టిలరీల నుంచి వస్తుంది. మీరు పొడి తిన్నాక ఆ కార్బన్ మీ ఊపిరితో మళ్లీ గాల్లోకే పోతుంది.

పని పూర్తయ్యేదాకా సగం తొట్లే నడుస్తాయి. అరకిలో దాటిన ఆర్డర్లు వారం ఆలస్యంగా అందుతాయి, చిన్న ప్యాకెట్లు మామూలుగానే పంపుతాం.