ఆ గ్రాఫ్ మళ్లీ గీశాను మామా

ఒరేయ్ మామా,

నువ్వు కొందామనుకుంటున్న ఫ్లాట్ గురించి పంపిన బ్రోచర్ ఫొటో రాత్రి నాలుగుసార్లు చూశాను. ఫోన్లో చెబితే మధ్యలోనే వాదనకి దిగుతావని కూర్చుని రాస్తున్నా. "రెండేళ్లలో రేటు మూడింతలైంది రా" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది.

ఆ బార్ గ్రాఫ్‌లో మూడో కడ్డీ మొదటిదానికి మూడింతలున్న మాట నిజమే. కానీ ఎడమపక్క సన్నక్షరాల్లో ఉన్న అంకెలు చూశావా? కింది గీత సున్నా దగ్గర లేదు, 5,800 దగ్గర మొదలైంది. అందుకే ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు 6,000 అన్నప్పుడు కడ్డీ 200 ఎత్తు, 6,400 అయ్యేసరికి 600 ఎత్తు. మా అమ్మాయి గ్రాఫ్ పుస్తకం తీసుకుని వెయ్యికి ఒక సెంటీమీటర్ చొప్పున సున్నా నుంచి గీశాను. ఒకటి 6 సెంటీమీటర్లు, ఇంకోటి 6.4. రెంటికీ తేడా నాలుగు మిల్లీమీటర్లు! రెండేళ్లకి కలిపి ఏడు శాతం కూడా పెరగలేదురా. ఎఫ్‌డీలో వేసుకున్నా అంతకంటే ఎక్కువే వచ్చేది.

అలాగని సున్నా లేని ప్రతి గ్రాఫూ మోసం కాదు. మన గండిపేట చెరువే తీసుకో, దాని నీటిమట్టం గ్రాఫ్ ఉంటుంది కదా. నిండితే 1,790 అడుగులంటారు, అది సముద్రమట్టం నుంచి లెక్క. దాన్ని సున్నా నుంచి గీస్తే వానాకాలమూ ఎండాకాలమూ ఒకే గీతలా కనిపిస్తాయి, పదడుగులు తగ్గినా కంటికి ఆనదు. అక్కడ గీత ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్నదే చూస్తాం. కడ్డీకి మాత్రం దాని పొడుగే విలువ. అడుగున కోసేశాక ఆ పొడుగుని ఎలా నమ్ముతాం?

ఇక బ్రోచర్‌లో ఉన్న ఆ "సగటు అద్దె 28 వేలు". నిన్న ఆఫీసు నుంచి వస్తూ ఆ టవర్ దగ్గర ఆగి వాచ్‌మన్‌ని అడిగాను. ఇప్పటిదాకా అద్దెకిచ్చినవి ఐదే ఫ్లాట్లట. నాలుగు 18 వేల చొప్పున పోయాయి. ఐదోది ఫర్నిచర్‌తో సహా ఏదో కంపెనీ గెస్ట్‌హౌస్‌కి తీసుకుంది, 68 వేలు. అన్నీ కలిపి ఐదుతో భాగించు, సరిగ్గా 28 వేలు. కానీ 28 వేలు కట్టేవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. బళ్లో మధ్యగతం అని చదువుకున్నాం కదా, వరసగా పెడితే నడిమధ్యన వచ్చేది. అది 18 వేలు. నీ ఈఎంఐకి లెక్కేసుకోవాల్సింది అదీ.

ఫ్లాట్ వద్దని అనడం లేదు. చెల్లెమ్మకి ఆ బాల్కనీ ఎంత నచ్చిందో నాకు తెలుసు. కానీ నువ్వు కట్టబోయేది మీ నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు. ఆదివారం పొద్దున్నే వచ్చేస్తా. ఈ ఏడాది ఆ చుట్టుపక్కల ఎవరెవరు ఎంతకి కొన్నారో ఒక్కొక్కటీ కనుక్కుని కాగితం మీద రాసుకుందాం. అప్పటిదాకా చెక్కు మీద సంతకం పెట్టకు.

నీ
మామ